మామిడికి ఆషాఢం, జామకు వైశాఖం: కొమ్మల కత్తిరింపుకు కాలాన్ని ఎంచుకోవడం

చెట్ల కొమ్మలను ఏ కాలంలో కత్తిరించాలని అడిగితే, చలికాలంలో అని చాలామంది చెబుతారు. కాశ్మీరులోనూ హిమాచల్ ప్రదేశ్‌లోనూ ఉన్న ఆపిల్ తోటలకు ఆ మాట సరిగ్గా సరిపోతుంది. అక్కడి చెట్లు ఆకులన్నీ రాల్చి నిద్రావస్థలో ఉండే నెలల్లోనే కత్తిరింపులు సాగుతాయి. మన మామిడికి మాత్రం ఇదే నియమాన్ని వర్తింపజేస్తే ఆ ఏడాది కాపు చేజారిపోతుంది. మామిడి చలికాలంలో నిద్రపోదు. నవంబరు, డిసెంబరు నెలల చల్లదనంలోనే దాని కొమ్మల కొసల్లో పూమొగ్గ రూపుదిద్దుకుంటుంది కాబట్టి, ఆ సమయంలో కొసను తీసేయడమంటే పూతను తీసేయడమే. ఇక జామకు ఏప్రిల్, మే నెలల ఎండలో కత్తెర వేస్తే మంచి కాపు వస్తుంది, అదే ఎండలో నిమ్మ చెట్టు పెద్ద కొమ్మలను తీసేస్తే మిగిలిన మోడు బెరడు కమిలిపోతుంది. ఒకే పెరట్లో, ఒకే నేలలో, ఒకే నీటితో పెరిగే మూడు చెట్లకు మూడు వేర్వేరు కాలాలు కావలసి వస్తాయి.

పెరట్లో నాలుగైదు చెట్లున్న వారికి, రెండు మూడు ఎకరాల తోట ఉన్నవారికి ఉపయోగపడేలా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాతావరణంలో ఏ చెట్టుకు ఏ కాలం మేలో, ఒక కాలాన్ని వదిలి మరొక కాలాన్ని ఎంచుకుంటే ఏమి దక్కుతుందో, ఏమి పోతుందో ఇక్కడ పోల్చి చూద్దాం.

కాలాన్ని నిర్ణయించేవి ఏవి?

అన్నిటికంటే ముందు తెలుసుకోవలసింది, చెట్టుకు పూత ఎక్కడ వస్తుందన్నది. మామిడికి బాగా ముదిరిన కొమ్మ చివర పూత వస్తుంది. ఇటువంటి చెట్టును కత్తిరించాక కొత్త చిగురు వచ్చి, ఆకులు ముదిరి, కొమ్మ పూతకు సిద్ధం కావడానికి నెలల వ్యవధి పడుతుంది. ఆ వ్యవధి మిగిలి ఉన్నప్పుడే కత్తెర పట్టాలి. జామకు, రేగుకు అప్పుడే వచ్చిన లేత కొమ్మల మీద, ఆకు మొదళ్లలో పూత వస్తుంది. వీటికి కత్తిరింపే పూతకు పిలుపు. అందువల్ల ఏ నెలలో కాయ కోయాలనుకుంటున్నామో ముందుగా నిర్ణయించుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కవేసి కత్తిరించే వెసులుబాటు జామ రైతుకు ఉంటుంది. మామిడి రైతుకు ఆ వెసులుబాటు లేదు, ఉన్నది ఒక్క గడువు మాత్రమే.

తరువాత చూడవలసింది వాన. కోసిన ప్రతి కొమ్మా ఒక గాయమే. గాయం తడిగా ఉన్నన్ని రోజులు శిలీంధ్రాలు, బాక్టీరియా లోపలికి ప్రవేశించే అవకాశం ఎక్కువ. తెలంగాణలోనూ కోస్తా జిల్లాల్లో చాలాచోట్లా నైరుతి ఋతుపవనాల వాన జూన్ నుంచి సెప్టెంబరు వరకు ప్రధానం కాగా, నెల్లూరు, తిరుపతి జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడే ఈశాన్య ఋతుపవనాల వాన ప్రధానం. వానలకు ముందు కత్తిరించమని పుస్తకంలో చదివిన మాట హనుమకొండలో ఒక నెలను సూచిస్తే, గూడూరులో మరొక నెలను సూచిస్తుంది. ఈ తేడాను పట్టించుకోకుండా ఊరూరా ఒకే పట్టికను పంచిపెట్టడం వల్ల రైతులకు జరిగే నష్టం తక్కువేమీ కాదు.

వాన తరువాత ఎండ. ఇన్నాళ్లూ ఆకుల నీడలో ఉన్న బెరడు ఒక్కసారిగా 43, 44 డిగ్రీల ఎండకు గురైతే కమిలి పగులుతుంది, ఆ పగుళ్లలో కాండం తొలిచే పురుగు గుడ్లు పెడుతుంది. వేసవిలో కత్తిరించక తప్పని చెట్లకు బెరడు మీద సున్నం పూయాలని చెప్పేది ఇందుకే.

మామిడి: కోత ముగియగానే, లేదంటే వచ్చే ఏడాదే

కోస్తాలో బంగినపల్లి కోత ఏప్రిల్‌లో ఊపందుకుని మే నెలాఖరుకు చాలావరకు ముగుస్తుంది. జగిత్యాల వంటి ఉత్తర తెలంగాణ ప్రాంతాల్లో ఇది కొంత ఆలస్యంగా, జూన్ వరకు సాగుతుంది. కలెక్టరు అనీ, బెంగుళూరా అనీ పిలిచే తోతాపురి కాయ చిత్తూరు ప్రాంతంలో జూన్, జూలై నెలల్లో గుజ్జు పరిశ్రమలకు తరలుతుంది. కత్తిరింపు గడువు ఎంత ఉందన్నది ఈ కోత తేదీని బట్టే తేలుతుంది.

లెక్క ఇలా వేసుకోవాలి. కత్తిరించిన తరువాత చిగురు కనిపించడానికి సుమారు మూడు నాలుగు వారాలు పడుతుంది. రాగిరంగు చిగురు ముదురాకుపచ్చకు తిరిగి, కొమ్మ గట్టిపడి, పూమొగ్గకు కావలసిన నిల్వ ఆహారాన్ని కూడగట్టుకోవడానికి మరో నాలుగైదు నెలలు కావాలి. మన దగ్గర పూత డిసెంబరు, జనవరి నెలల్లో మొదలవుతుంది కాబట్టి, జూన్ నెల కత్తిరింపు నిశ్చింతగా సరిపోతుంది, జూలై సరిపోతుంది, ఆగస్టు మొదటి పక్షం అంచు మీద నిలబడుతుంది. మృగశిర కార్తెలో తొలకరి పడ్డాక మొదలుపెట్టి, ఆషాఢ మాసం ముగిసేలోగా పూర్తి చేసుకోవడం అన్ని విధాలా మంచిది. నేలలో తేమ ఉంటుంది, చిగురు బలంగా వస్తుంది, కోత తరువాత వేసే పశువుల ఎరువు, రసాయన ఎరువులు కూడా అదే సమయంలో అందుతాయి.

ఆగస్టు మధ్య దాటిపోతే ఏమి చేయాలన్నది చాలామందికి ఎదురయ్యే సందేహం. తోతాపురి రైతులకు ఇది తరచుగా వచ్చే ఇబ్బంది. గుజ్జు పరిశ్రమలకు కాయ పంపడంలో ఆలస్యమైతే కోత జూలై నెలాఖరు దాకా సాగుతుంది, ఆ తరువాత కూలీలు వరి నాట్లకు వెళ్లిపోతారు. ఇటువంటప్పుడు ఆ ఏడాదికి కొస కత్తిరింపులు మానుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఎండిన కొమ్మలను, తెగులు సోకిన కొమ్మలను తీసేసి, చెట్టు నడిమధ్య గుబురును కొద్దిగా పలుచన చేసి ఊరుకోవాలి. సెప్టెంబరులో కొసలు కత్తిరిస్తే అక్టోబరులో లేత చిగురు వస్తుంది. పూతకు సిద్ధం కావలసిన చెట్టు తన బలాన్నంతా ఆకు మీద ఖర్చు చేస్తుంది. నెల్లూరు, తిరుపతి జిల్లాల్లో ఆ చిగురు మీద ఈశాన్య ఋతుపవనాల వాన పడితే పక్షికన్ను తెగులు కూడా తోడవుతుంది.

ఎంత కత్తిరించాలన్నది కూడా కాలంతో ముడిపడిన విషయమే. కోత ముగిసిన చెట్టు కొమ్మ కొసను చేతిలోకి తీసుకుని చూడండి. చివరన ఎండిన పూత కాడ పుల్లలా నిలిచి ఉంటుంది. దాని కింద గత ఏడాది ఆకులు, ఇంకా కిందికి వెళితే కొమ్మ చుట్టూ ఉంగరంలాంటి గీత, ఆ గీత దగ్గర ఒకదానికొకటి ఆనుకుని ఉన్న ఆకు మచ్చలు కనిపిస్తాయి. ఒక విడత చిగురు ఆగిపోయి, తరువాతి విడత మొదలైన చోటు అది. ఆ ఉంగరానికి పైన కోస్తే అక్కడ గుమిగూడి ఉన్న మొగ్గలన్నీ ఒక్కసారిగా లేచి, సన్నని కొమ్మలు చీపురు కట్టలా వస్తాయి. ఉంగరానికి కొద్దిగా కింద కోస్తే తక్కువ సంఖ్యలో, ఎడంగా, బలమైన కొమ్మలు వస్తాయి. ఏటా కత్తిరించే చెట్టుకు కొస నుంచి సుమారు 10 సెంటీమీటర్లు తీస్తే చాలు. ఆలస్యమైన కొద్దీ ఈ కొలతను తగ్గించుకోవాలే తప్ప పెంచకూడదు, ఎందుకంటే లోతుగా కోసిన కొమ్మ తిరిగి పూతకు రావడానికి ఎక్కువ కాలం తీసుకుంటుంది.

చెట్టు నడుమ నిటారుగా పెరిగిన ఒకటి రెండు కొమ్మలను మొదలంటా తీసేస్తే లోపలికి వెలుతురు పడుతుంది. తేనెమంచు పురుగు నీడను, గుబురును ఇష్టపడుతుంది. పూత సమయంలో దాని కోసం చేసే మందు పిచికారీల ఖర్చును గుర్తుచేసుకుంటే, జూన్‌లో ఈ ఒక్క పనికి పెట్టే కూలి ఎంతో చౌక. 5 మీటర్ల ఎడంలో నాటిన దగ్గర తోటల్లో ఏటా కత్తిరింపు తప్పనిసరి. పాత పద్ధతిలో 10 మీటర్ల ఎడంలో ఉన్న తోటల్లో కొసల కత్తిరింపు రెండేళ్లకు ఒకసారి చేసినా నడుస్తుంది, ఎండు కొమ్మలను మాత్రం ప్రతి ఏడాదీ తీయాలి.

ముదురు మామిడి తోటలను పునరుద్ధరించడం: చలికాలమా, తొలకరా?

నలభై ఏళ్లు దాటి, కొమ్మలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి, కాపు పైకొసలకే పరిమితమైన తోటల సంగతి వేరు. వీటిని నరికివేయకుండా, పెద్ద కొమ్మలను నేల నుంచి నాలుగైదు మీటర్ల ఎత్తులో కోసి, కొత్త కొమ్మల గొడుగును పెంచే పద్ధతి ఒకటుంది. ఉత్తర భారతంలో దీనికి డిసెంబరును సిఫారసు చేస్తారు. మన దగ్గర రెండు దారులూ ఉన్నాయి, రెండింటిలోనూ లాభనష్టాలున్నాయి.

చలికాలంలో కోస్తే వాన ఉండదు కాబట్టి గాయాలు పొడిగా ఉంటాయి, పూసిన మందు కడుక్కుపోదు, పొలంలో పని తక్కువగా ఉన్న రోజుల్లో మనుషులు దొరుకుతారు. అయితే ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన లేత చిగురు నేరుగా ఏప్రిల్, మే ఎండలోకి వెళుతుంది. ఆకు నీడ లేని మోడు కొమ్మల మీద ఎండ తీక్షణంగా పడుతుంది. బోరో, చెరువో ఉండి, వేసవి అంతా తడి ఇవ్వగలిగితేనే ఈ దారి క్షేమం. కోత ముగిశాక తొలకరిలో కోస్తే, ఆ ఏడాది కాపు చేతికి వచ్చాకే కోసినట్టవుతుంది, చిగురుకు వాన తోడవుతుంది, ఎండ దెబ్బ ఉండదు. కానీ గాయాలు నెలల తరబడి తడుస్తాయి, వెడల్పాటి కోతల్లో కుళ్లు పట్టే ప్రమాదం ఉంటుంది, మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో పేస్టును వానల మధ్య మళ్లీ మళ్లీ పూయాలి.

నీటి వసతి ఉన్న తోటకు డిసెంబరు చివరి నుంచి జనవరి మధ్య వరకు, వర్షాధారపు తోటకు జూన్ నెల అని నేను సలహా ఇస్తాను. నీరు లేని మెట్ట తోటలో చలికాలపు కోతకు నేను ఎప్పుడూ ఒప్పుకోను. చెట్టు చిగురించడం చూసి సంతోషించిన రెండు నెలలకే ఎండు కొమ్మలు లెక్కపెట్టుకోవలసి వస్తుంది. ఏ కాలాన్ని ఎంచుకున్నా, తోటంతా ఒకేసారి కోయకుండా వరుస విడిచి వరుస కోసుకుంటే ఆదాయం పూర్తిగా ఆగిపోదు, ఎందుకంటే ఇలా కోసిన చెట్టు సరైన కాపుకు రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. కోసిన ప్రతి కొమ్మ నుంచీ పుట్టుకొచ్చే పదులకొద్దీ చిగుళ్లలో బయటివైపు తిరిగిన మూడు నాలుగింటిని మాత్రమే ఉంచి మిగిలినవి తీసేయకపోతే, రెండేళ్లలో చెట్టు మళ్లీ పాత గుబురుకే వస్తుంది. పునరుద్ధరణలో కోత కంటే ఈ ఏరివేతే పెద్ద పని.

జామ: ఏ కాపు కావాలో ముందు తేల్చుకోవాలి

జామకు మన వాతావరణంలో మూడు విడతలుగా పూత వస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల పూత వానాకాలంలో కాయగా మారుతుంది. జూన్, జూలై పూత చలికాలంలో కాయగా వస్తుంది. అక్టోబరు పూత వేసవి మొదట్లో కోతకు వస్తుంది. వీటినే తోటల వారు అంబే బహార్, మృగ్ బహార్, హస్త బహార్ అంటారు. మూడింటినీ వదిలేస్తే చెట్టు ఏడాదంతా ఏదో కొంత కాస్తూనే ఉంటుంది, ఏ కాపూ పూర్తిగా ఉండదు.

వానాకాలపు కాయ దిగుబడిలో ఎక్కువ, రుచిలో తక్కువ. నీరు పట్టి చప్పగా ఉంటుంది, పండు ఈగ గుడ్లు పెట్టి లోపల పురుగు పడుతుంది, కాయ పైకి చూడటానికి బాగున్నా కోస్తే పారేయవలసి వస్తుంది, బజారులో అందరి కాయా ఒకేసారి దిగి ధర పడిపోతుంది. చలికాలపు కాయ గట్టిగా, తియ్యగా ఉంటుంది, నాలుగు రోజులు నిల్వ ఆగుతుంది. అలహాబాద్ సఫేదా అయినా లక్నో–49 అయినా ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. అందుకే ఏప్రిల్ చివరి నుంచి మే నెల మధ్య వరకు, అంటే వైశాఖ మాసంలో, కొమ్మ కొసలను సగం వరకు కత్తిరించి, వానాకాలానికి రాబోయే పిందెలను ఆ కొమ్మలతోపాటే వదులుకోవాలి. చేతికందిన పిందెను తీసేయడానికి మనసు ఒప్పదు, నిజమే. అయినా ఆ పిందెలు ఉండగా చలికాలపు కాపు నిండుగా రాదు. కత్తిరించిన కొమ్మల నుంచి తొలకరికి కొత్త చిగుళ్లు వచ్చి, వాటి మీద జూన్, జూలై నెలల్లో పూత నిలిచి, నవంబరు నుంచి జనవరి వరకు కోత సాగుతుంది.

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కత్తిరించి వేసవి మొదట్లో కాయ తీసుకోవడం రెండో ఎంపిక. ఆ రోజుల్లో బజారులో జామ తక్కువగా ఉంటుంది కాబట్టి ధర అనుకూలంగా ఉండవచ్చు, కానీ కాయ ఎదిగే ఫిబ్రవరి, మార్చి నెలల్లో నీరు తప్పకుండా ఇవ్వగలగాలి. డ్రిప్పు ఉండి, పట్టణానికి దగ్గరలో ఉన్న తోటకు ఇది ఆలోచించదగ్గ దారి. పెరట్లో రెండు చెట్లున్న వారికైతే ఒకదాన్ని మే నెలలో, రెండోదాన్ని అక్టోబరులో కత్తిరించుకోమని చెబుతాను. ఇంటికి రెండు కాలాల్లోనూ పండు దొరుకుతుంది.

నిమ్మ, బత్తాయి: తక్కువ కోత, సరైన సమయం

నిమ్మ చెట్టు మీద సంవత్సరం పొడవునా పూత, పిందె, కాయ ఏదో ఒక దశలో ఉంటూనే ఉంటాయి కాబట్టి దీనిని గట్టిగా కత్తిరించే కాలమంటూ ఏదీ లేదు. గట్టిగా కత్తిరించవలసిన అవసరమూ లేదు. ఎండు పుల్లలు, ఒకదానినొకటి రాసుకునే కొమ్మలు, నేలను తాకే కొమ్మలు, నిటారుగా పొడవాటి ముళ్లతో లేచే నీటి కొమ్మలు, అంటు కట్టిన చోటుకు కింద నుంచి వచ్చే పిలకలు, ఇవి తీస్తే చాలు. నీటి కొమ్మలను, అంటు కింది పిలకలను లేతగా ఉండగానే ఏ నెలలోనైనా తీసేయవచ్చు. రంగపూర్ నిమ్మ మీద అంటు కట్టిన బత్తాయి మొక్కకు కింది పిలకను వదిలేస్తే కొన్నేళ్లకు బత్తాయి పోయి రంగపూర్ నిమ్మ చెట్టే మిగులుతుంది.

నిమ్మకు కాలాన్ని నిర్ణయించేది గజ్జి తెగులు. ఇది బాక్టీరియా వల్ల వస్తుంది, గాలివానలో చినుకుల ద్వారా ఒక కొమ్మ నుంచి మరో కొమ్మకు పాకుతుంది. గజ్జి సోకిన రెమ్మలను వానలు మొదలయ్యాక కోస్తే, తాజా గాయాలను తెగులుకు అప్పగించినట్టే. కాబట్టి ఏలూరు, తెనాలి ప్రాంతాల్లో మే చివరి వారానికి, నైరుతి వానలు పడకముందే సోకిన రెమ్మలను తీసి కాల్చివేసి, ఒక శాతం బోర్డో మిశ్రమాన్ని పిచికారీ చేయాలి. గూడూరు, పొదలకూరు ప్రాంతాల్లో దీనికి తోడు సెప్టెంబరులో మరొకసారి చెట్టును పరిశీలించి, అక్టోబరు వానలకు ముందే పని ముగించాలి. రెమ్మలు మాత్రమే తీయాలి. మే నెలలో పెద్ద కొమ్మలు తీసి మోడును ఎండకు వదలకూడదు.

బత్తాయి లెక్క కొంత తేలిక. కాయ కోసిన తరువాత, నవంబరు, డిసెంబరు నెలల్లో నీరు ఆపి తోటను బెట్టకు వదిలే ముందు ఎండు పుల్లలు తీసేయాలి. పుల్ల ఎండినంత మేరకే కాక, పచ్చి భాగాన్ని కూడా రెండు సెంటీమీటర్లు కలిపి కోస్తే తెగులు కిందికి దిగదు. బెట్ట తీర్చి నీరు పెట్టాక జనవరి, ఫిబ్రవరి నెలల్లో వచ్చే పూత శుభ్రమైన కొమ్మల మీద నిలుస్తుంది. పూత వచ్చాక కత్తెర పట్టడం దండగ.

మిగిలిన చెట్లు కొన్ని

సీతాఫలం చలికాలం చివర ఆకు రాలుస్తుంది. ఫిబ్రవరిలో, చిగురు రాకముందు, ఎండు కొమ్మలను, లోపలి గుబురును తీయడం అనుకూలం. పాత కొమ్మ మీదా కొత్త కొమ్మ మీదా కూడా పూస్తుంది కాబట్టి కొంచెం ముందువెనుకలైనా కాపు పూర్తిగా పోదు. రేగు దీనికి భిన్నంగా, వేసవిలో విశ్రాంతి తీసుకుంటుంది. ఏప్రిల్‌లో దానిని గట్టిగానే కత్తిరించాలి, గత ఏడాది కొమ్మలను చాలావరకు తీసేయాలి, లేకపోతే కాయ చిన్నదవుతుంది.

ద్రాక్షకు రెండు కత్తిరింపులు. ఏప్రిల్‌లో తీగలను మొదలు వైపుకు పొట్టిగా కోసి కొత్త కర్రలను పెంచుతారు, అక్టోబరులో ఆ కర్రల కొసలను కోసి గెలలు తీస్తారు. అక్టోబరు కోతకు గెల వస్తుందా, నులితీగ వస్తుందా అన్నది ఏప్రిల్ కోత తరువాతి నెలన్నర రెండు నెలల ఎండలో, మొగ్గ లోపలే నిర్ణయమైపోతుంది. ఏప్రిల్ కోతను మే చివరకు జరిపితే ఆ కీలకమైన రోజులు మబ్బుల్లో పడతాయి. హైదరాబాదు చుట్టుపక్కల ద్రాక్ష పెట్టే వారికి ఆలస్యం ఎందుకు కూడదన్నదానికి కారణం ఇక్కడే ఉంది.

దానిమ్మకు అనంతపురం వంటి పొడి ప్రాంతాల్లో బాక్టీరియా మచ్చ తెగులే పెద్ద శత్రువు. వానాకాలంలో కాయ ఉండే కాపును వదులుకుని, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కత్తిరించి కాపుకు వదలడం తెగులున్న తోటకు ఉత్తమం. చెట్టు చెట్టుకూ కత్తెరను సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో ముంచి తీయాలి, లేకపోతే కత్తెరే తెగులును తోటంతా మోసుకెళుతుంది.

మునగను కాపు అయిపోగానే నేల నుంచి సుమారు 90 సెంటీమీటర్ల ఎత్తులో కోసేయవచ్చు. మల్లెకు నీరు ఆపి, ఆకు రాల్చి, డిసెంబరు, జనవరి నెలల్లో కోస్తే వేసవి పూలకు అనుకూలిస్తుంది. కరివేపాకుకు నిండు చలి రోజులు తప్ప మరే నెలైనా ఫరవాలేదు.

నీడనిచ్చే చెట్లు

వేప, కానుగ, నిద్ర గన్నేరు, తురాయి వంటి చెట్లను కత్తిరించేది కాయ కోసం కాదు, గాలివానకు కొమ్మ విరిగి ఇంటి మీదో, మనిషి మీదో పడకుండా ఉండటం కోసం. అందువల్ల ఇక్కడ కాలాన్ని గాలి నిర్ణయిస్తుంది. తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఏప్రిల్, మే నెలల సాయంత్రాలు వచ్చే ఈదురుగాలులే ప్రమాదం. ఫిబ్రవరి లోపు పని ముగించుకోవాలి. కోస్తాలో అసలు భయం అక్టోబరు, నవంబరు తుపానులది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు నగరంలో ఎన్ని చెట్లు కూలాయో చూసినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. తీర ప్రాంతపు ఇళ్లవారు ఫిబ్రవరిలో ఒకసారి ఎండు కొమ్మలు తీసినా, జూలై చివర మళ్లీ చెట్టును కింద నుంచి పైకి చూసి, గొడుగును పలుచన చేసుకోవడం మంచిది. ఆ కోతలు తుపాను కాలానికి ముందే సర్దుకుంటాయి.

వేపకు మరొక విషయం ఉంది. తెలంగాణలో 2021 నుంచి వేప చెట్లు కొసల నుంచి ఎండిపోవడం అందరూ గమనించారు. ఈ శిలీంధ్రపు తెగులు వానల్లో చురుకుగా ఉంటుంది కాబట్టి, ఎండిన కొసలను వానలు పూర్తిగా తగ్గాక, పొడి రోజుల్లోనే తీయాలి. ఎండినట్టు కనిపించిన చెట్టును మొదలంటా నరికేయకూడదు. చాలా చెట్లు వేసవికి తిరిగి చిగురించాయి. ఉగాదికి వేపపువ్వు ఇంటి చెట్టు నుంచే కావాలనుకునేవారు జనవరి, ఫిబ్రవరి కత్తిరింపులో ఒక పక్క కొమ్మలను ముట్టుకోకుండా వదలాలి, గట్టిగా కోసిన కొమ్మ ఆ ఏడాది పూయదు.

విద్యుత్ తీగల దగ్గరున్న కొమ్మను ఏ కాలంలోనూ సొంతంగా కోయకూడదు, విద్యుత్ సిబ్బందికి చెప్పి సరఫరా ఆపించాకే ఆ పని జరగాలి. చెట్టునే తొలగించాలనుకుంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి.

కాలం కుదిరాక, కోసే రోజు

నెల సరైనదైనా రోజు సరైనది కాకపోతే సగం ఫలితం పోతుంది. ముందు రోజు, తరువాతి రెండు మూడు రోజులు వాన లేని సమయాన్ని చూసుకోవాలి. ఆషాఢంలో కూడా ఇటువంటి తెరిపి రోజులు దొరుకుతాయి, వాటి కోసం వేచి ఉండటం తప్పు కాదు. మామిడిని కోసేటప్పుడు సొన కళ్లలో, చర్మం మీద పడకుండా పూర్తి చేతుల చొక్కా, కళ్లద్దాలు ఉండాలి.

వేలంత లావు కొమ్మలకు సికేచర్ అనే చేతి కత్తెర చాలు, అంతకు మించినవాటికి రంపమే వాడాలి. కత్తితో, గొడ్డలితో నరికితే కొమ్మ చీలి, బెరడు ఊడి, గాయం మానడానికి ఏళ్లు పడుతుంది. పెద్ద కొమ్మను మూడు కోతల్లో తీయాలి. మొదలుకు ఒక అడుగు ఎడంగా, కింది వైపు నుంచి మూడో వంతు లోతుకు ఒక కోత. దానికి కొంచెం అవతల పై నుంచి రెండో కోత, దానితో కొమ్మ బరువు కింద పడిపోతుంది. మిగిలిన మొండిని మొదలు దగ్గర మూడో కోతతో తీయాలి. కొమ్మ కాండంతో కలిసే చోట ఉబ్బెత్తుగా, ముడతలు పడినట్టు ఒక పట్టీ కనిపిస్తుంది. గాయాన్ని మూసే కణజాలం అక్కడి నుంచే పెరుగుతుంది. ఆ ఉబ్బును కోయకుండా, దానికి ఆనుకుని బయట కోస్తే, ఏడాది తిరిగేలోగా అంచుల నుంచి కొత్త బెరడు గుండ్రంగా లోపలికి రావడం కనిపిస్తుంది. అరచేతి పొడవు మొండి వదిలితే అది మూసుకోక, ఎండి, కుళ్లి, లోపలికి దారి ఇస్తుంది.

కోసిన రోజే బోర్డో పేస్టు పూయాలి. ఒక కిలో మైలుతుత్తం, ఒక కిలో సున్నం విడివిడిగా నీటిలో కరిగించి, రెండూ కలిపి మొత్తం 10 లీటర్లకు సరిపెడితే పేస్టు సిద్ధం. ప్లాస్టిక్ పాత్రలోనే కలపాలి, ఇనుప పాత్ర పనికిరాదు. అది కుదరనప్పుడు కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను నీటితో ముద్దగా కలిపి పూయవచ్చు. వానాకాలంలో కోసిన పెద్ద గాయాలకు పూత కడుక్కుపోయినప్పుడల్లా తిరిగి పూయాలి. కొసల కత్తిరింపులకు పేస్టు అక్కరలేదు, చెట్టంతా లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పిచికారీ చేస్తే సరిపోతుంది.

గాలికి విరిగి వేలాడే కొమ్మకు, పురుగు తొలిచి పొట్టు రాలుతున్న కొమ్మకు, తెగులు కిందికి దిగుతున్న కొమ్మకు కాలం చూడనక్కరలేదు. నిండు పూతలో ఉన్న మామిడైనా సరే, విరిగిన కొమ్మను ఆ రోజే శుభ్రంగా కోసి పేస్టు పూయాలి. పోయే కాపు ఎలాగూ ఆ ఒక్క కొమ్మదే. చీలికను జూన్ దాకా వదిలేస్తే, లోపలికి దిగిన కాండం తొలిచే పురుగును తీయడానికి రంధ్రాల్లో తీగ పెట్టి వెతుక్కోవలసి వస్తుంది.